ప్రతిగమన నమూనాల్లో వర్గచరాల సంకేతీకరణ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కులం, లింగం, జిల్లా, పంట రకం వంటి కొలతకందని లక్షణాలను ప్రతిగమన సమీకరణంలోకి తీసుకురావడానికి వాటిని సంఖ్యలుగా మార్చవలసి ఉంటుంది. ఈ మార్పును ఇక్కడ సంకేతీకరణ అంటున్నాం. ఈ పద్ధతి ఒకేచోట, ఒకేసారి పుట్టలేదు. వంశపారంపర్య పరిశోధన, వ్యవసాయ క్షేత్రప్రయోగాలు, ఆర్థిక సర్వేలు, మనోవిజ్ఞానం అనే వేర్వేరు రంగాల్లో వేర్వేరు అవసరాల కోసం రూపుదిద్దుకుంది. ఆ చరిత్రను పరిశీలిస్తూ, ఆధార వర్గం ఎంపిక ఫలితాల అర్థాన్ని ఎలా నిర్ణయిస్తుందో, భారతీయ సర్వే దత్తాంశాలతో పనిచేసే పరిశోధకులకు అది ఎందుకు ముఖ్యమో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రతిగమనం, వర్గచరం, డమ్మీ చరం, ఆధార వర్గం, విస్తృతి విశ్లేషణ, సాధారణీకృత విలోమం, సామాజిక వర్గం.

1. ఉపోద్ఘాతం:

సామాజిక శాస్త్రాల సిద్ధాంత గ్రంథాల్లో ప్రతిగమన పట్టికలు ఈనాడు సర్వసాధారణం. ఆ పట్టికల్లో అప్పుడప్పుడు ఒక విచిత్రమైన వరుస కనిపిస్తుంది. 'సామాజిక వర్గం' అని ఒకే చరం, దానికి ఎదురుగా ఒకే గుణకం, పక్కన సార్థకతను తెలిపే నక్షత్రపు గుర్తు. నాలుగు వర్గాలున్న లక్షణానికి ఒక్క గుణకం ఎలా వచ్చింది? ప్రశ్నావళిలో సౌకర్యం కోసం వేసుకున్న 1, 2, 3, 4 అనే గుర్తులను కంప్యూటర్ నిజమైన కొలతలుగా తీసుకుంది కాబట్టి. రెండో వర్గం మొదటిదానికి రెట్టింపు అనీ, మూడింటికీ నాలుగింటికీ మధ్య దూరం ఒకటికీ రెండింటికీ మధ్య దూరంతో సమానమనీ ఆ పట్టిక మౌనంగా ప్రకటిస్తుంది. పరిశోధకుడు ఆ మాట ఎన్నడూ అనలేదు. అయినా ఆయన పేరుతోనే అది అచ్చవుతుంది.

ఇలా చేయకూడదని ప్రతి పాఠ్యగ్రంథమూ చెబుతుంది. దానికి బదులు సున్న, ఒకటి అనే విలువలతో డమ్మీ చరాలు వాడమంటుంది. అయితే ఆ సలహా వెనుక ఎంత వాదోపవాదం నడిచిందో, డమ్మీ చరాలు వాడినా మిగిలిపోయే చిక్కులేమిటో పాఠ్యగ్రంథాలు సాధారణంగా చెప్పవు.

పరిభాష గురించి ఒక్క మాట. తెలుగు గణితంలో 'వర్గం' అంటే ఒక సంఖ్యను దానితోనే హెచ్చించగా వచ్చే ఫలితం. సామాజిక శాస్త్రాల్లో వర్గం అంటే ఒక తెగ, ఒక సముదాయం. ఈ వ్యాసంలో 'కనిష్ఠ వర్గాల పద్ధతి' అన్నచోట తప్ప మిగతా అన్నిచోట్లా రెండో అర్థమే. ఇక 'డమ్మీ' అన్న ఆంగ్లపదాన్ని అలాగే ఉంచాను. నామినేషన్ తిరస్కరణకు గురైతే అక్కరకు వస్తాడని అసలు అభ్యర్థి పక్కన నిలబెట్టే 'డమ్మీ అభ్యర్థి' తెలుగువారికి బాగా పరిచితుడు. మరొకదాని స్థానంలో నిలబడేది అన్న ఆ అర్థమే ఇక్కడా సరిపోతుంది.

2. గాల్టన్ గుణించిన 1.08:

ప్రతిగమనం అన్న భావన పుట్టిన చోటనే వర్గచరం సమస్య కూడా ఎదురైంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ప్రచురించిన వ్యాసంలో 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులనూ, వారి వయోజన సంతానం 928 మంది ఎత్తులనూ పోల్చాడు. పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటు వైపు మరలుతారన్న ప్రసిద్ధమైన పరిశీలన అక్కడిదే. అయితే ఆ దత్తాంశంలో స్త్రీలూ ఉన్నారు, పురుషులూ ఉన్నారు. వారి సగటు ఎత్తులు వేరు. గాల్టన్ చేసిన పని సరళమైనది. స్త్రీల ఎత్తులన్నింటినీ 1.08తో గుణించి, వారిని 'పురుష సమానులు'గా మార్చి, తరువాతే లెక్క మొదలుపెట్టాడు.

ఇది సంకేతీకరణ కాదు, దిద్దుబాటు అనవచ్చు. కానీ జాగ్రత్తగా చూస్తే ఆధార వర్గం అనే భావన ఇక్కడే పూర్తిగా ఉంది. పురుషుడి ఎత్తు ప్రమాణం, స్త్రీ ఎత్తు దానినుంచి ఒక సవరణ. ఎత్తుకు సహజ సంవర్గమానం తీసుకుని, పురుషులకు ఒకటి, స్త్రీలకు సున్న ఇచ్చి సమీకరణం రాస్తే, 1.08కి సమానమైన గుణకం సుమారు 0.077. అంటే గాల్టన్ గుణకాన్ని అంచనా వేయడానికి బదులు ముందే నిర్ణయించుకుని దత్తాంశం మీద ప్రయోగించాడు. స్త్రీలను ప్రమాణంగా తీసుకుని పురుషుల ఎత్తులను 1.08తో భాగించినా సారాంశం మారేది కాదు. ఆ ప్రత్యామ్నాయం ఆయనకు తట్టినట్లు ఆ వ్యాసంలో కనబడదు. ఏ వర్గం ప్రమాణం కావాలన్నది గణితం తేల్చే విషయం కాదు. ఆ కాలపు అలవాటు దాన్ని తేల్చింది.

3. విడగొట్టడమా, లెక్కపెట్టడమా:

సామాజిక సమస్యకు బహుళ ప్రతిగమనాన్ని తొలిగా ప్రయోగించిన వారిలో జి. ఉడ్నీ యూల్ ముఖ్యుడు. 1899లో ఇంగ్లండులోని నిరుపేదల సంఖ్యలో వచ్చిన మార్పులకు కారణాలను ఆయన పరిశీలించాడు. పేదల సహాయ చట్టం అమలు చేసే యూనియన్లను మహానగర, పట్టణ, మిశ్రమ, గ్రామీణ వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి ఒక్కో సమీకరణం రాశాడు. ఈనాటి పరిశోధకుడైతే ఈ నాలుగు వర్గాలను మూడు డమ్మీ చరాలుగా మార్చి ఒకే సమీకరణంలో పెట్టేవాడు. యూల్ పద్ధతిలో ప్రతి వర్గానికీ సొంత స్థిరపదమే కాక సొంత వాలులు కూడా దక్కుతాయి. వర్గాల మధ్య తేడా ఎంత, ఆ తేడా నమ్మదగినదేనా అన్న ప్రశ్నకు మాత్రం విడి సమీకరణాల్లో నేరుగా జవాబు దొరకదు.

వర్గం సంఖ్యగా మారవచ్చా అన్న మౌలిక ప్రశ్న మీద ఆయన తన గురువు కార్ల్ పియర్సన్‌తో తలపడ్డాడు. ఇద్దరూ 1900లోనే తమ తమ పద్ధతులు ప్రకటించారు. పియర్సన్ దృష్టిలో 'ఉంది, లేదు' అన్న విభజన పైపైన కనిపించేది మాత్రమే. దాని అడుగున ఒక అవిచ్ఛిన్నమైన, సామాన్య విభాజనాన్ని అనుసరించే రాశి ఉంటుంది, మనం దాన్ని ఒకచోట కోసి రెండు ముక్కలుగా చూస్తున్నాం. కాబట్టి ఆ అడుగునున్న రాశుల మధ్య సహసంబంధాన్నే అంచనా వేయాలి. యూల్ దీన్ని అంగీకరించలేదు. మశూచి టీకా వేయించుకున్నవారు, వేయించుకోనివారు, బతికినవారు, చనిపోయినవారు అన్న పట్టికను ముందుంచి, చనిపోయినవారిలో ఎక్కువ చనిపోయినవారు, తక్కువ చనిపోయినవారు ఉండరు కదా అన్న ధోరణిలో వాదించాడు. వర్గం వర్గమే, దాని వెనుక లేని కొలతను ఊహించనక్కరలేదన్నది ఆయన పక్షం. 1912లో యూల్ రాసిన సుదీర్ఘ వ్యాసానికి సమాధానంగా పియర్సన్, డేవిడ్ హెరన్ కలిసి 1913లో బయోమెట్రికాలో 150 పుటలకు పైబడిన ప్రత్యుత్తరం అచ్చువేశారు. గురుశిష్యుల స్నేహం అక్కడితో చల్లారింది.

ఈ వివాదాన్ని కేవలం చరిత్ర విశేషంగా కొట్టిపారేయడం సరికాదు. రెండు లక్షణాలకూ సున్న, ఒకటి అని విలువలిచ్చి మామూలు సహసంబంధ గుణకాన్ని లెక్కకడితే యూల్ సమర్థించిన గుణకాల్లో ఒకటి వస్తుంది. డమ్మీ చరానికి తాత్త్విక పునాది అక్కడ పడింది. సున్న, ఒకటి అనేవి పరిమాణాలు కావు, హాజరును సూచించే గుర్తులు. మన కళాశాలల్లో 'గుణాల సాహచర్యం' పేరుతో చెప్పే అధ్యాయం యూల్ 1911లో వెలువరించిన పాఠ్యగ్రంథం ద్వారా మనకు సంక్రమించినదే. విద్యార్థులు దాన్ని సాహచర్య గుణకపు సూత్రంగా కంఠస్థం చేస్తారు. ప్రతిగమన అధ్యాయంతో దానికున్న చుట్టరికం మాత్రం వారికి తెలియదు.

4. రోథమ్‌స్టెడ్ పొలాల్లో:

ఆర్. ఎ. ఫిషర్ 1919లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. అక్కడ వర్గాలు తప్ప మరేమీ లేవు. విత్తన రకం, ఎరువు, మడి, సంవత్సరం అన్నీ వర్గాలే. 1923లో డబ్ల్యు. ఎ. మెకెంజీతో కలిసి ప్రచురించిన పరిశోధనలో 12 బంగాళదుంప రకాలు వేర్వేరు ఎరువులకు ఎలా స్పందిస్తాయో పరిశీలించాడు. విస్తృతి విశ్లేషణ పట్టిక అచ్చులో కనిపించిన తొలి సందర్భమది. 1925 నాటి ఆయన గ్రంథంతో ఆ పద్ధతి లోకవ్యాప్తమైంది.

ఫిషర్ పద్ధతిలో సున్నలూ ఒకట్లూ కంటికి కనబడవు. మొత్తం విస్తృతిని రకాల వల్ల వచ్చినది, ఎరువుల వల్ల వచ్చినది, మిగిలినది అని పంచుతాడు. 12 రకాలుంటే వాటి మధ్య స్వతంత్రమైన పోలికలు 11 మాత్రమే అన్నది అందులోని కీలకం. డమ్మీ చరాల్లో ఒకదాన్ని ఎందుకు వదిలేయాలన్న ప్రశ్నకు జవాబు ఈ 11లోనే ఉంది. ఏ 11 పోలికలు అన్నది ప్రయోగకర్త ఇష్టం. ఎరువు వేసిన మడులను వేయనివాటితో పోల్చవచ్చు, ఆపై ఒక ఎరువును మరొకదానితో పోల్చవచ్చు. ప్రశ్న ముందు, సంకేతం తరువాత. ఈ క్రమం తరువాతి కాలంలో తలకిందులైంది.

అన్ని మడుల సంఖ్యలు సమానంగా ఉన్నంతవరకు ఫిషర్ లెక్క కాగితం మీద చకచకా సాగుతుంది. అసమానమైతే రకాల ప్రభావమూ ఎరువుల ప్రభావమూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, విడదీయడం కష్టం. 1931లో రోథమ్‌స్టెడ్‌కు వచ్చిన ఫ్రాంక్ యేట్స్ 1934లో ఈ సమస్యను తీసుకుని, ప్రతి వర్గానికీ ఒక స్థిరాంకం అనుకుని కనిష్ఠ వర్గాల పద్ధతితో వాటిని అమర్చాలని చూపాడు. విస్తృతి విశ్లేషణ నిజానికి వేషం మార్చిన ప్రతిగమనమేనని ఆ వ్యాసం చదివినవారికి స్పష్టమవుతుంది. చదివినవారు ఎక్కువగా వ్యవసాయ గణాంకవేత్తలే కావడం వల్ల, ఆర్థికవేత్తలూ మనోవిజ్ఞానులూ అదే విషయాన్ని మళ్లీ మొదటినుంచి కనుక్కోవలసి వచ్చింది.

5. వాల్తేరు నుంచి కలకత్తా దాకా:

యేట్స్ చూపిన దారిలో ఒక గణిత ముడి ఉంది. మూడు వర్గాలకు మూడు సూచిక నిలువు వరుసలు రాసి, స్థిరపదం కోసం అన్నీ ఒకట్లే ఉన్న మరో వరుస చేర్చామనుకుందాం. మొదటి మూడింటినీ కూడితే నాలుగోది వస్తుంది. అప్పుడు సమీకరణాల మాత్రిక అసాధారణ మాత్రిక అవుతుంది, దానికి విలోమం ఉండదు, గుణకాలకు ఏకైక సాధన దొరకదు. పాఠ్యగ్రంథాలు దీనికే 'డమ్మీ చరాల ఉచ్చు' అని పేరు పెట్టాయి. ఒక వరుసను తీసేస్తే ఉచ్చు వీడుతుంది. కానీ తీసేయకుండా ఈ చిక్కును అర్థం చేసుకోవడం ఎలా?

దీనికి గట్టి సమాధానాలు మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థ నుంచి వచ్చాయి. ఆర్. సి. బోస్ 1940వ దశకంలో 'అంచనా వేయదగిన ప్రమేయం' అన్న భావనను స్పష్టపరిచాడు. విడి గుణకానికి ఏకైక విలువ లేకపోవచ్చు, కానీ రెండు గుణకాల తేడాకు ఉంటుంది. ఏ సాధన తీసుకున్నా ఆ తేడా మారదు. అలా మారనిదే దత్తాంశం నిజంగా చెప్పగలిగినది.

ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో 1940లో గణితశాస్త్రంలో ఎం.ఎ. పూర్తిచేసి, 1941లో కలకత్తా చేరిన సి. ఆర్. రావు ఈ ఆలోచనను మాత్రికల భాషలో పరిపూర్ణం చేశారు. 1955లో సాంఖ్య పత్రికలో ఆయన ప్రచురించిన వ్యాసం విషయమే, గదుల్లో సంఖ్యలు అసమానంగా ఉన్న బహుళ వర్గీకరణ దత్తాంశం. సరిగ్గా యేట్స్ వదిలిన చోటు అది. హిరోషిమా, నాగసాకి అణుబాంబు ప్రభావాలకు సంబంధించిన దత్తాంశాన్ని విశ్లేషించవలసి రావడమే తనను ఆ మార్గంలోకి మళ్లించిందని రావు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. విలోమం లేని మాత్రికకు విలోమంలా పనిచేసే మరో మాత్రికను ఆయన అక్కడ వాడారు. అదే సంవత్సరం ఇంగ్లండులో రోజర్ పెన్‌రోజ్ స్వతంత్రంగా ఇటువంటి భావననే ప్రచురించాడు. 1962లో రావు తన సాధారణీకృత విలోమాన్ని మరింత సడలించి, ఏకైకం కానక్కరలేదని చూపారు. సుజిత్ కుమార్ మిత్రతో కలిసి రాసిన గ్రంథం 1971లో వచ్చింది.

రావు పేరు చెప్పగానే మనవారికి క్రామర్-రావు అసమానత గుర్తుకొస్తుంది. డమ్మీ వరుసను తొలగించకుండానే సమీకరణాన్ని సాధించే గణాంక సాఫ్ట్‌వేర్ల వెనుక సాధారణీకృత విలోమం ఉందన్న సంగతిని తెలుగు పాఠ్యాంశాల్లో ఇంకొంచెం గట్టిగా చెప్పవలసి ఉంది.

6. ఆర్థికశాస్త్రంలో డమ్మీ:

ఈలోగా అమెరికాలో గృహ సర్వేలు విస్తరించాయి. ఆదాయం, వయస్సు కొలవవచ్చు, వృత్తి, ప్రాంతం, జాతి కొలవలేం. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త డేనియల్ సూట్స్ 1957లో అమెరికన్ గణాంక సంఘం పత్రికలో ప్రచురించిన నాలుగు పుటల వ్యాసం ఈ రంగానికి మూలగ్రంథంలా నిలిచింది. ఉచ్చు నుంచి బయటపడటానికి గుణకాల మీద ఏదో ఒక నిబంధన విధించాలి, ఏ నిబంధన విధించినా అంచనా విలువలు మారవు అన్నది ఆయన సందేశం. ఒక గుణకాన్ని సున్న చేయడం అందులో సులభమైన నిబంధన. గుణకాల సగటును సున్న చేయడం మరొకటి. తరువాతివారు సులభమైనదాన్ని పట్టుకుని, అది ఒక ఎంపిక అన్న సంగతిని మరచిపోయారు. 1984లో సూట్స్ మళ్లీ కలం పట్టి, లెక్క వేరు, దాని వ్యాఖ్యానం వేరు అని గుర్తుచేయవలసి వచ్చింది.

ఒక కల్పిత ఉదాహరణతో దీన్ని చూద్దాం. సమాన సంఖ్యలో సభ్యులున్న మూడు వర్గాల సగటులు వరుసగా 40, 65, 45. మొదటి వర్గాన్ని ఆధారం చేసుకుంటే స్థిరపదం 40, మిగతా రెండింటి గుణకాలు 25, 5. మూడోదాన్ని ఆధారం చేసుకుంటే స్థిరపదం 45, గుణకాలు -5, 20. గుణకాల మొత్తం సున్న అన్న నిబంధన పెడితే స్థిరపదం 50, గుణకాలు -10, 15, -5. ఏ దారిన వెళ్లినా రెండో వర్గం అంచనా 65 మాత్రమే. అదే 1, 2, 3 అని వేసి ఒకే చరంగా పెడితే వాలు 2.5, అంచనాలు 47.5, 50, 52.5. మూడో వర్గం అన్నింటికన్నా పైన ఉందని ఆ సమీకరణం చెబుతుంది. వాస్తవంలో పైనున్నది రెండోది. మొదటి మూడు దారుల మధ్య తేడా భాషాభేదం వంటిది. నాలుగోది తప్పు.

ఇక్కడే మరో సూక్ష్మం. ఆ మూడు వర్గాల్లో 10, 10, 80 మంది ఉన్నారనుకోండి. మొత్తం జనాభా సగటు 46.5. మొత్తం సున్న నిబంధనలో వచ్చే స్థిరపదం అప్పుడు కూడా 50. అది వర్గాల సగటుల సగటు, మనుషుల సగటు కాదు. 'సగటుతో పోలిస్తే' అని రాసేటప్పుడు ఏ సగటో చెప్పకపోతే వాక్యానికి అర్థమే లేదు.

యూల్ విడిగా రాసిన సమీకరణాలనూ, సూట్స్ ఒకటిగా రాసిన సమీకరణాన్నీ కలిపినవాడు దామోదర్ గుజరాతీ. రెండు కాలాల సమీకరణాలు ఒకటేనా అని తేల్చడానికి గ్రెగరీ చౌ 1960లో ఒక పరీక్ష ఇచ్చాడు. తేడా ఉందని ఆ పరీక్ష చెబుతుంది కానీ స్థిరపదంలోనా, వాలులోనా అన్నది చెప్పదు. డమ్మీ చరాన్ని దానితోనూ, దానికీ మరో చరానికీ లబ్ధంతోనూ సమీకరణంలో పెడితే రెండూ తెలుస్తాయని గుజరాతీ 1970లో చూపాడు. మన విశ్వవిద్యాలయాల్లో అర్థమితి చదివినవారిలో అత్యధికులు డమ్మీ చరాన్ని నేర్చుకున్నది ఆయన పాఠ్యగ్రంథంలోనే.

సంవర్గమాన ఆదాయం మీద వేసిన సమీకరణంలో డమ్మీ గుణకం 0.40 వస్తే '40 శాతం ఎక్కువ' అని రాసే అలవాటు చాలాకాలం సాగింది. సరైన లెక్క సుమారు 49 శాతమని, -0.40 అయితే తగ్గుదల 33 శాతమేనని తెలిపే సవరణను హాల్వర్సన్, పామ్‌క్విస్ట్ 1980లో సూచించారు. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

7. మనోవిజ్ఞానుల పునరావిష్కరణ, సాఫ్ట్‌వేర్ వారసత్వం:

మనోవిజ్ఞానంలో విస్తృతి విశ్లేషణ ప్రయోగశాలకూ, ప్రతిగమనం సర్వేలకూ చెందినవన్నట్లు రెండు శిబిరాలుండేవి. జేకబ్ కోహెన్ 1968లో రెండూ ఒకటేనని, ప్రతిగమనం అన్నింటికీ చాలినంత విశాలమైన పద్ధతి అని వాదించాడు. డమ్మీ సంకేతం, ప్రభావ సంకేతం, వైరుధ్య సంకేతం అన్న మూడు పేర్లూ ఈ సాహిత్యం ద్వారానే పాఠ్యగ్రంథాల్లో స్థిరపడ్డాయి. రోథమ్‌స్టెడ్ వారికి ఇందులో కొత్త ఏమీ లేదు. అయినా బోధనకు పనికొచ్చే రూపం ఇచ్చిన ఘనత కోహెన్‌దే.

అసలు మార్పు తెచ్చినవి కంప్యూటర్లు. 1973లో విల్కిన్‌సన్, రోజర్స్ వర్గచరాలున్న నమూనాలను చిన్న సూత్రంగా రాసే సంజ్ఞామానాన్ని ప్రకటించారు. ఆ పద్ధతి 1992లో చేంబర్స్, హేస్టీ సంపాదకత్వంలో వచ్చిన గ్రంథం ద్వారా ఎస్ భాషలోకి, అక్కడి నుంచి నేటి ఆర్ భాషలోకి వచ్చింది. పరిశోధకుడు ఇక సున్నలూ ఒకట్లూ స్వయంగా రాయనక్కరలేదు. చరం పేరు చెబితే చాలు, యంత్రమే సంకేతీకరిస్తుంది. ఎలా సంకేతీకరిస్తుందన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఎస్ భాషలో ఆ నిర్ణయం జర్మన్ భూమితి శాస్త్రవేత్త హెల్మర్ట్ పేరు మోసే పోలికలు. ప్రతి వర్గాన్నీ దాని ముందున్న వర్గాల సగటుతో పోల్చే పద్ధతి అది. క్రమం లేని వర్గాలకు ఆ గుణకాలను వివరించడం చాలా కష్టం. ఆర్ దాన్ని వదిలి, మొదటి వర్గాన్ని ఆధారంగా తీసుకునే పద్ధతికి మారింది. సాస్ సాధారణ రేఖీయ నమూనాల విభాగంలోనూ, ఎస్‌పీఎస్‌ఎస్‌లోని అటువంటి విభాగంలోనూ చివరి వర్గం ఆధారమవుతుంది.

మొదటిది అంటే ఏది? పేర్లను అక్షరాలతో నమోదు చేస్తే ఆంగ్ల అక్షరక్రమంలో మొదటిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాడుకలో ఉన్న ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ అన్న నాలుగు సంక్షిప్తాలను ఆంగ్ల లిపిలో నమోదు చేసి ఆర్‌కు ఇస్తే ఆధార వర్గం బీసీ అవుతుంది. అవే సాస్‌కు ఇస్తే ఎస్టీ అవుతుంది. ఒకే దత్తాంశం, ఒకే నమూనా. ఒక పట్టికలో అందరినీ బీసీలతో పోలుస్తాం, మరొక పట్టికలో ఎస్టీలతో పోలుస్తాం. ఒకదానిలో నక్షత్రపు గుర్తులు లేని వర్గానికి మరొకదానిలో మూడు నక్షత్రాలు పడవచ్చు. రెండింటిలోనూ నిర్ణయం తీసుకున్నది రోమన్ వర్ణమాల. గాల్టన్ కనీసం తానే ఎంచుకున్నాడు.

నమూనాలో రెండు వర్గచరాల అంతఃక్రియను చేర్చితే ఈ చిక్కు ముదురుతుంది. కులం, లింగం, వాటి లబ్ధం మూడూ ఉన్న సమీకరణంలో 'లింగం' గుణకం ఆధార కులంలోని స్త్రీపురుషుల తేడాను మాత్రమే చెబుతుంది, మొత్తం సమాజంలోని తేడాను కాదు. డమ్మీ సంకేతంతో వచ్చిన ఈ గుణకాన్ని 'లింగ ప్రభావం' అన్న శీర్షిక కింద చర్చించడం మన సిద్ధాంత గ్రంథాల్లో తరచుగా జరిగే పొరపాటు.

8. వివక్షను కొలిచేటప్పుడు:

సంకేతీకరణ మారినా అంచనా విలువలు మారవన్న సూట్స్ మాట నిజమే. కానీ మనం అంచనా విలువల కోసం మాత్రమే సమీకరణం రాయం. 1973లో రొనాల్డ్ వహాకా, అలన్ బ్లైండర్ విడివిడిగా ప్రతిపాదించిన పద్ధతిలో రెండు సముదాయాల వేతన వ్యత్యాసాన్ని రెండు భాగాలు చేస్తారు. చదువు, అనుభవం వంటి అర్హతల తేడా వల్ల వచ్చినది ఒకటి. అవే అర్హతలకు వేర్వేరు ప్రతిఫలం దక్కడం వల్ల వచ్చినది రెండోది, దీన్నే సాధారణంగా వివక్ష కింద లెక్కిస్తారు. భారతదేశంలో బిశ్వజిత్ బెనర్జీ, జె. బి. నైట్ 1985లో ఢిల్లీ శ్రామికుల మధ్య కుల వివక్షను ఇటువంటి పద్ధతితోనే పరిశీలించారు. మాధేశ్వరన్, అట్‌వెల్ 2007లో జాతీయ నమూనా సర్వే దత్తాంశంతో ఆ పనిని విస్తరించారు.

వివక్ష భాగం మొత్తం ఎంతన్నది సంకేతీకరణ మీద ఆధారపడదు. అందులో చదువుకు దక్కే ప్రతిఫలం వాటా ఎంత, ప్రాంతం వాటా ఎంత, ఏ కారణమూ చెప్పలేని స్థిరపదం వాటా ఎంత అని విడమరచబోతే మాత్రం ఆధారపడుతుంది. చదువును నిరక్షరాస్యులు, పాఠశాల, కళాశాల అని వర్గాలుగా పెట్టామనుకుందాం. ఆధార వర్గాన్ని నిరక్షరాస్యుల నుంచి కళాశాలకు మార్చగానే చదువు వాటాలో కొంత స్థిరపదంలోకి, స్థిరపదంలోనిది చదువులోకి జరుగుతుంది. వహాకా, మైకేల్ రాన్సమ్ 1999లో దీన్ని నిరూపించారు. అంటే, 'దళితులకు జరుగుతున్న వేతన నష్టంలో ఇంత శాతం చదువుకు తగిన ప్రతిఫలం దక్కకపోవడం వల్లనే' అన్న వాక్యంలోని ఆ శాతం, ఏ డమ్మీని వదిలేశారన్న దాన్నిబట్టి మారిపోతుంది. విధాన నిర్ణేతలకు ఈ వాక్యాలే చేరతాయి. సగటు నిబంధనతో గుణకాలను సమం చేయడం ఒక పరిష్కారంగా సూచించారు. నా దృష్టిలో అది ఈ అనిశ్చితిని తొలగించదు, ఒకానొక ఎంపికను ఆనవాయితీగా మారుస్తుంది. అంతకన్నా ఏ ఆధార వర్గంతో లెక్కకట్టారో స్పష్టంగా రాసి, మరో ఆధారంతో వచ్చే విలువనూ పక్కనే ఇవ్వడం నిజాయితీ.

9. సర్వే పత్రంలోని అంకెలు:

జాతీయ నమూనా సర్వేలో సామాజిక వర్గానికి వాడే గుర్తులు ఇవి: షెడ్యూల్డు తెగలు 1, షెడ్యూల్డు కులాలు 2, ఇతర వెనుకబడిన తరగతులు 3, ఇతరులు 9. చివరిది 4 కాదు, 9. ఈ గుర్తులను నేరుగా సమీకరణంలో పెడితే, వెనుకబడిన తరగతులకూ ఇతరులకూ మధ్య దూరం షెడ్యూల్డు కులాలకూ వెనుకబడిన తరగతులకూ మధ్య దూరానికి ఆరింతలని ఒప్పుకున్నట్లు. 9 అన్న అంకె 'మిగతావన్నీ' అని చెప్పే గుమాస్తా గుర్తు తప్ప మరొకటి కాదు.

వర్గాలు కూడా కాలంతో మారతాయి. ఇతర వెనుకబడిన తరగతులను ఈ సర్వే విడిగా లెక్కించడం 1999-2000 నాటి 55వ విడతతో మొదలైంది. అంతకుముందు వారు 'ఇతరులు'లో ఉన్నారు. కాబట్టి 'ఇతరులు' ఆధార వర్గంగా 1993-94నూ 2011-12నూ పోల్చే పట్టికలో ఆధారం పేరు ఒకటే, అందులోని మనుషులు వేరు. షెడ్యూల్డు కులాలతో తేడా పెరిగినట్లు కనిపిస్తే అది సమాజంలో పెరిగిందా, ఆధార వర్గం నుంచి వెనుకబడిన తరగతులు బయటికి వెళ్లడం వల్ల పెరిగిందా అన్నది విడదీయాలి. 1999-2000 తరువాతి విడతల్లో 3, 9 గుర్తులను కలిపి పాత 'ఇతరులు'ను పునర్నిర్మించడం అందుకు సులభమైన మార్గం. మన రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతులకున్న ఎ, బి, సి, డి, ఇ ఉపవర్గాలు ఈ సర్వేలో అసలు కనిపించవు.

రాష్ట్రపు గుర్తుల్లోనూ ఇదే తీరు. 2011-12 సర్వేలో 28 అంటే అవిభక్త ఆంధ్రప్రదేశ్. 2014 విభజన తరువాతి సర్వేల్లో 28 అంటే నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణకు 36. రెండు కాలాల దత్తాంశాన్ని కలిపి రాష్ట్రానికొక డమ్మీ పెట్టమంటే యంత్రం సందేహించదు. పాత హైదరాబాదు కుటుంబాన్నీ, కొత్త అనంతపురం కుటుంబాన్నీ ఒకే గుర్తు కింద చేరుస్తుంది, 36కు మొదటి కాలంలో ఒక్క పరిశీలన కూడా లేదన్న సంగతిని మౌనంగా దాటిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. తరువాతి సర్వేల్లోని 28, 36లను కలిపేయడం ఒకటి. అప్పుడు తెలంగాణ గురించి విడిగా ఏమీ చెప్పలేం. పాత దత్తాంశాన్ని జిల్లా గుర్తుల ఆధారంగా రెండుగా విడదీయడం రెండోది. పది జిల్లాలను తెలంగాణగా, పదమూడింటిని ఆంధ్రప్రదేశ్‌గా గుర్తిస్తే పని దాదాపు పూర్తవుతుంది. దాదాపు అనడానికి కారణం, పోలవరం ముంపు ప్రాంతం పేరుతో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిన ఏడు మండలాలు. సర్వే దత్తాంశంలో మండలం గుర్తు ఉండదు కాబట్టి ఆ కుటుంబాలను పాత దత్తాంశంలో వేరుచేయలేం. అవి ఖమ్మంతోపాటు తెలంగాణ గుర్తు కిందే ఉండిపోతాయి. ఆ సంగతిని పట్టిక కింద ఒక వాక్యంలో రాయవలసి ఉంటుంది.